కంపెనీ గీతకు ఆవల జుగ్సలాయి: బ్యాంకుల సామాజిక బాధ్యతకు వందేళ్ల నేపథ్యం

జంషెడ్‌పూర్ అనగానే దేశానికి గుర్తుకు వచ్చేది టాటా పేరు. వరుస తప్పని వీధులు, కంపెనీ క్వార్టర్లు, కంపెనీ ఆసుపత్రి, కంపెనీ నీళ్లు, కంపెనీ ఉద్యానవనాలు. అయితే టాటానగర్ రైల్వే స్టేషన్‌ను ఆనుకుని ఉన్న జుగ్సలాయి ఆ చిత్రంలో కనిపించదు. అది కంపెనీ లీజు భూమికి వెలుపల, రైలు పట్టాల పక్కన, వ్యాపారుల కొట్లతో, గోదాములతో, కిక్కిరిసిన గల్లీలతో పెరిగిన బజారు పట్టణం. 2011 జనాభా లెక్కల్లో దాని జనసంఖ్య దాదాపు 50 వేలు. దానికి వేరే పురపాలక వ్యవస్థ ఉంది. దాని పేరుతోనే షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయిన శాసనసభ నియోజకవర్గమూ ఉంది. ఉక్కు నగరానికి బియ్యం, బట్ట, సరుకు అందించిన ఊరు ఆ నగరపు సౌకర్యాలకు మాత్రం పొరుగుదిగానే మిగిలిపోయింది.

ఈ గీత గురించి మాట్లాడకుండా ‘కార్పొరేట్ సామాజిక బాధ్యత’ గురించి మాట్లాడటం అసంపూర్ణం. ఎందుకంటే ఈ దేశంలో ఆ భావనకు పుట్టినిల్లుగా చెప్పుకునేది జంషెడ్‌పూర్‌నే. నేడు బ్యాంకులు తమ వార్షిక నివేదికల్లో ఆ మాటకు పేజీలకు పేజీలు కేటాయిస్తున్నాయి. పాఠశాలకు బెంచీలు, ఆసుపత్రికి అంబులెన్సు, గ్రామానికి నీటి శుద్ధి యంత్రం, వాటి పక్కన అధికారుల చిరునవ్వుల ఛాయాచిత్రాలు. ఇటువంటి సేవ వల్ల ఖాతాదారులకు బ్యాంకు మీద విశ్వాసం పెరుగుతుందనీ, అనుబంధం చిక్కబడుతుందనీ యాజమాన్య శాస్త్రం బోధిస్తోంది. అది నిజమేనా? ఖాతాదారుకు బ్యాంకుతో బంధం ఏర్పడేది బ్యాంకు చేసే దానం వల్లనా, లేక బ్యాంకు తన అసలు పనిని చేసే తీరు వల్లనా? ఈ ప్రశ్నకు జవాబు మార్కెటింగ్ పాఠ్యపుస్తకాల్లో కన్నా చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుంది. విశేషమేమిటంటే, ఆ చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా ఒక తెలుగువాడు కనిపిస్తాడు.

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ అనే పల్లె దగ్గర కర్మాగారం లేచింది. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఎనిమిది గంటల పనిదినం 1912లో, ఉచిత వైద్యం 1915లో, భవిష్యనిధి, జీతంతో కూడిన సెలవు 1920లో, ప్రసూతి సదుపాయం 1928లో ఇక్కడ అమల్లోకి వచ్చాయి. ఎనిమిది గంటల పనిని దేశం మొత్తానికి ఫ్యాక్టరీల చట్టం ఖాయం చేసింది 1948లో. భవిష్యనిధి చట్టం వచ్చింది 1952లో. ఈ ముందుచూపును తక్కువ చేయనక్కరలేదు.

అయితే ఈ జాబితాను కంపెనీ ప్రచురణలు చెప్పే విధంగా దాతృత్వ గాథగా మాత్రమే చదవడం పొరపాటు. 1920లో జంషెడ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. పోలీసు కాల్పుల్లో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. భవిష్యనిధి వచ్చింది కూడా ఆ ఏడాదే. 1922లో మళ్లీ సమ్మె. 1928లో నెలల తరబడి సాగిన మరో సమ్మె. అప్పుడే సుభాష్ చంద్ర బోస్ రంగప్రవేశం చేసి జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ అధ్యక్షుడై, సెప్టెంబరులో ఒప్పందం కుదిర్చాడు. కంపెనీ ఇచ్చినదీ ఉంది, కార్మికుడు గుంజుకున్నదీ ఉంది. బాధ్యత అనేది ఎక్కడా ఏకపక్షంగా పుట్టదు. అడిగేవాడు ఉన్నప్పుడే ఇచ్చేవాడికి అది గుర్తుకు వస్తుంది. ఇది మొదటి పాఠం.

రెండవ పాఠం గీతకు సంబంధించినది. కంపెనీ వరాలు కంపెనీ హాజరుపట్టీలో పేరున్న వారికే. కాంట్రాక్టరు కింద మట్టి మోసిన ఆదివాసీ స్త్రీకి, జుగ్సలాయిలో మూటలు మోసిన కూలీకి, రైల్వే యార్డులో దినసరి వేతనం మీద బతికిన వాడికి అవి వర్తించలేదు. గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైలెక్కి వచ్చిన తెలుగువారిలోనూ ఈ విభజన ఉంది. కొందరు కర్మాగారంలో స్థిరపడి కదమా, బిష్టుపూర్ వంటి చోట్ల తమ సంఘాలను, రామమందిరాన్ని కట్టుకున్నారు. కర్మాగారంలో చోటు దొరకనివారు గీతకు ఆవలి బస్తీల్లోనే తలదాచుకున్నారు.

కంపెనీ లోపలివారినీ వెలుపలివారినీ ఒక్కటి చేసిన విషయం మరొకటి ఉండేది. అది అప్పు. 1929లో నియమితమై 1931లో నివేదిక ఇచ్చిన విట్లే కమిషన్, అంటే భారత కార్మిక రాజసంఘం, దేశంలోని పారిశ్రామిక కార్మికుల్లో అత్యధికులు రుణగ్రస్తులని తేల్చింది. జీతాల రోజున కర్మాగారం గేటు ముందు కర్ర పట్టుకుని నిలబడే వడ్డీ వ్యాపారి ఆ నాటి పారిశ్రామిక నగరాలన్నిటికీ సుపరిచితుడు. వసూలు కోసం కార్మికుడి పనిచోటును ముట్టడించడాన్ని నేరంగా పరిగణించాలని కమిషన్ సిఫారసు చేసింది. 1934లో బెంగాల్ ప్రభుత్వం ఆ దిశగా కార్మిక రక్షణ చట్టం చేసింది. ఆసుపత్రి ఇచ్చిన యాజమాన్యం, పాఠశాల ఇచ్చిన యాజమాన్యం గేటు ముందు నిలబడ్డ ఆ మనిషిని మాత్రం తొలగించలేకపోయింది. ఎందుకంటే ఆపదలో పది రూపాయలు ఇచ్చేవాడు అతడొక్కడే. బ్యాంకు అనే సంస్థ అప్పటికి కార్మికుడి జీవితంలో లేదు.

టాటాలకు బ్యాంకు లేకపోలేదు. 1917లో టాటా ఇండస్ట్రియల్ బ్యాంకును స్థాపించారు. పరిశ్రమలకు దీర్ఘకాలిక పెట్టుబడి సమకూర్చడం దాని ధ్యేయం. యుద్ధానంతర మాంద్యంలో అది నిలదొక్కుకోలేక 1923లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. పెద్ద పరిశ్రమకు పెద్ద బ్యాంకు అన్న ఆ ప్రయోగం ముగిసిన సంవత్సరమే, కోస్తా తీరాన మచిలీపట్నంలో వేరొక తరహా ప్రయోగం మొదలైంది. 1923 నవంబరు 28న ఆంధ్రా బ్యాంకు కార్యకలాపాలు ప్రారంభించింది. చెల్లించిన మూలధనం కేవలం లక్ష రూపాయలు. స్థాపకుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. వృత్తిరీత్యా వైద్యుడు, ప్రవృత్తిరీత్యా స్వాతంత్ర్య సమరయోధుడు.

పట్టాభి బ్యాంకును దానధర్మంగా పెట్టలేదు. విదేశీ బ్యాంకులు, వడ్డీ వ్యాపారులు పంచుకున్న రంగంలో తెలుగు రైతుకూ చిన్న వర్తకుడికీ చోటు కల్పించడం జాతీయోద్యమంలో భాగమని భావించాడు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు ఆ ఆలోచనకు కొనసాగింపులే. ఆ రోజుల్లో ఖాతాదారు బ్యాంకులో డబ్బు దాచుకోవడం ఒక రాజకీయ చర్య కూడా. నా రూపాయి నా ప్రాంతంలోనే తిరగాలన్న కోరిక అది. ఖాతాదారు అనుబంధం అంటూ నేటి నిపుణులు వెతుకుతున్నది సరిగ్గా ఇదే. దానికి ప్రకటన అక్కరలేకపోయింది. ఉద్దేశం ఉంటే చాలింది.

జంషెడ్‌పూర్ కార్మిక నాయకుడు బోస్, మచిలీపట్నం బ్యాంకు స్థాపకుడు పట్టాభి 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఒకరితో ఒకరు పోటీపడ్డారు. పట్టాభికి 1,377 ఓట్లు, బోస్‌కు 1,580. పట్టాభి ఓటమి తన ఓటమి అని గాంధీజీ ప్రకటించిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ పోటీని వామపక్షానికీ మితవాదానికీ మధ్య పోరుగా చదవడం అలవాటైపోయింది. కానీ ఆర్థిక చరిత్ర దృష్టితో చూస్తే అందులో మరో పార్శ్వం ఉంది. ఒకరు యాజమాన్యాన్ని ఎదిరించి కార్మికుడి హక్కు సాధించే పక్షం, మరొకరు మనమే సంస్థలు కట్టుకుందామనే పక్షం. స్వతంత్ర భారతంలో ఈ రెండు దారులనూ కలపవలసిన అవసరం ఏర్పడింది. కలిపినవాడు మూడవ వ్యక్తి.

ఆయన వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు. జుగ్సలాయిని ఆనుకుని పోయే రైలు మార్గం ఆ రోజుల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాయకుల్లో గిరి ముఖ్యుడు. స్వాతంత్ర్యానంతరం కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతన వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును మంత్రివర్గం సవరించి కుదించినప్పుడు, దానికి నిరసనగా పదవికి రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రిపదవి వదులుకున్న నాయకుడు మన చరిత్రలో మరొకరు కనిపించరు.

పదిహేనేళ్ల తర్వాత అదే మనిషి చేతికి బ్యాంకుల భవితవ్యం వచ్చింది. 1969 మేలో జాకిర్ హుస్సేన్ మరణించడంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో ఇందిరాగాంధీ మొరార్జీ దేశాయి నుంచి ఆర్థిక శాఖను తప్పించారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్స్‌పై గిరి సంతకం చేశారు. మరునాడే పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగారు. ఎదుటి అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరు తెలుగువారి మధ్య జరిగిన ఆ ఎన్నిక కాంగ్రెస్‌ను నిలువునా చీల్చింది. గిరి గెలిచారు. మరో మలుపు చూడండి. 1980 ఏప్రిల్ 15న రెండో విడత జాతీయీకరణ జరిగినప్పుడు రాష్ట్రపతి స్థానంలో ఉన్నది సంజీవరెడ్డి. ఆ విడతలో చేరిన ఆరు బ్యాంకుల్లో పట్టాభి స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒకటి.

జాతీయీకరణ వెనుక ఇందిర రాజకీయ ప్రయోజనం లేదని ఎవరూ అనరు. కానీ అవసరం మాత్రం నిజమైనది. 1967 నాటికి బ్యాంకు రుణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు పరిశ్రమలకే పోతున్నాయి. తేయాకు, కాఫీ తోటలను కలుపుకొన్నా వ్యవసాయానికి దక్కింది 2 శాతం చుట్టూ. డిపాజిట్లు ప్రజలవి, అప్పులు మాత్రం డైరెక్టర్లకు సన్నిహితమైన పారిశ్రామిక కుటుంబాలవి. ప్రభుత్వం మొదట 1968లో ‘సామాజిక నియంత్రణ’ అనే మధ్యేమార్గాన్ని ప్రయత్నించింది. బ్యాంకులు ప్రైవేటుగానే ఉండాలి, కానీ సామాజిక లక్ష్యాలను గుర్తుంచుకోవాలన్నది దాని సారం. బాధ్యతను స్వచ్ఛందంగా నెరవేర్చే అవకాశం బ్యాంకులకు ఇచ్చి చూశారు. ఏడాదిన్నరకే ఆ ప్రయోగాన్ని పక్కనపెట్టి జాతీయీకరణకు దిగారు.

ఆసక్తికరమైన విషయం ఏమంటే, సరిగ్గా ఈ కాలంలోనే ప్రైవేటు రంగం కూడా సామాజిక బాధ్యత గురించి గంభీరంగా మాట్లాడటం మొదలుపెట్టింది. 1965లో ఢిల్లీలో వ్యాపార సంస్థల సామాజిక బాధ్యతలపై సదస్సు జరిగింది. జయప్రకాశ్ నారాయణ్ అందులో ప్రధాన ప్రేరకుడు. 1970లో టిస్కో తన నియమావళిని సవరించి, వినియోగదారుల పట్ల, ఉద్యోగుల పట్ల, స్థానిక ప్రజల పట్ల తన బాధ్యతను అందులో చేర్చుకుంది. 1980లో జస్టిస్ కోత్వాల్ అధ్యక్షతన, రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ, పార్లమెంటేరియన్ మావలంకర్ సభ్యులుగా సామాజిక ఆడిట్ జరిపించుకుంది. జాతీయీకరణ భయం ఈ చొరవకు ఎంతవరకు కారణమో చెప్పడం కష్టం. ఆ భయం గాలిలో ఉన్న కాలమది అన్నది మాత్రం వాస్తవం.

జాతీయీకరణ ఫలితం కళ్లెదుట కనిపించింది. 1969లో 8 వేల పైచిలుకు ఉన్న బ్యాంకు శాఖలు 1990ల ఆరంభానికి 60 వేలు దాటాయి. ఒక్కో శాఖకు సగటున 65 వేల మంది ఉన్న దశ నుంచి 14 వేలకు చేరింది. 1969 డిసెంబరులో వచ్చిన లీడ్ బ్యాంకు పథకం కింద ప్రతి జిల్లాకూ ఒక బ్యాంకు జవాబుదారీ అయింది. జుగ్సలాయి ఉన్న తూర్పు సింగ్‌భూమ్‌కు అది బ్యాంక్ ఆఫ్ ఇండియా. రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్న నియమం వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, ఇక్కడ సామాజిక బాధ్యత అనేది లాభంలో కొంత తీసి దానం చేయడం కాదు. శాఖ ఎక్కడ తెరవాలి, అప్పు ఎవరికి ఇవ్వాలి అన్న అసలు వ్యాపార నిర్ణయంలోనే బాధ్యత ఇమిడి ఉంది. గుమస్తా దురుసుగా మాట్లాడినా, వరుసలో గంటల కొద్దీ నిలబడవలసి వచ్చినా, ‘గవర్నమెంటు బ్యాంకు’ అన్న మాటలో సామాన్యుడికి నేటికీ వినిపించే భరోసా ఆ కాలపు సంపాదన.

ఆ వ్యవస్థలో లోపాలు లేవని కాదు. రాజకీయ సిఫారసు అప్పులు, రుణమేళాలు, మొండి బకాయిలు బ్యాంకులను కుంగదీశాయి. 1991లో పీవీ నరసింహారావు ప్రభుత్వం సంస్కరణల బాట పట్టినప్పుడు బ్యాంకింగ్ రంగానికి దిశానిర్దేశం చేసింది మైదవోలు నరసింహం నాయకత్వంలోని కమిటీ. 1975లో గ్రామీణ బ్యాంకులకు రూపకల్పన చేసిన బృందానికి నేతృత్వం వహించింది కూడా ఆ నరసింహమే. పదహారేళ్ల తర్వాత, ప్రాధాన్య రంగ రుణాల వాటాను 40 నుంచి 10 శాతానికి తగ్గించాలని ఆయన కమిటీ చెప్పింది. ప్రభుత్వం దానిని ఆమోదించలేదు. కానీ మనోభావం మారింది. లాభం బ్యాంకు ప్రధాన ధర్మం, సామాజిక లక్ష్యం దానికి భారం అన్న అభిప్రాయం విధానకర్తల్లో పాతుకుపోయింది.

బ్యాంకు వెనక్కి తగ్గిన చోటును ఎవరు నింపుతారో తెలుగు నేల 2010లో చూసింది. పేద మహిళల అభ్యున్నతే తమ ఆశయమని చెప్పుకున్న సూక్ష్మరుణ సంస్థలు ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా విస్తరించాయి. వాటిలో అతి పెద్దదైన ఎస్‌కెఎస్ ఆ ఏడాది స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టింది. కొన్ని నెలలకే వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. వసూలుకు ఇంటి గుమ్మం ఎక్కరాదని, పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే చెల్లింపులు జరగాలని నిర్దేశించింది. 1934 నాటి బెంగాల్ చట్టాన్ని గుర్తు చేసుకోండి. కర్మాగారం గేటు స్థానంలో ఇంటి గుమ్మం వచ్చింది. కర్ర స్థానంలో తోటి సభ్యురాళ్ల ఒత్తిడి వచ్చింది. చట్టం చెప్పింది మాత్రం అదే మాట. సామాజిక ఆశయం అనే పలుకు ఎంత మధురంగా ఉన్నా, ఖాతాదారు దానిని కొలిచేది వసూలు రోజున ఎదురైన ప్రవర్తనతోనే. ఆ ఆర్డినెన్స్ తర్వాత రాష్ట్రంలో చెల్లింపులు కుప్పకూలాయి. ఖాతాదారు అనుబంధం ఎంత బోలుగా ఉండిందో ఆ రోజు తేలిపోయింది.

ఈ నేపథ్యంలో 2013 కంపెనీల చట్టం వచ్చింది. నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 135వ సెక్షన్ చెప్పింది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. హెచ్‌డిఎఫ్‌సి, ఐసిఐసిఐ వంటి ప్రైవేటు బ్యాంకులు కంపెనీలు కనుక దాని కిందికి వస్తాయి. స్టేట్ బ్యాంకు 1955 నాటి ప్రత్యేక చట్టం కింద, జాతీయం చేసిన బ్యాంకులు 1970, 1980 నాటి చట్టాల కింద ఏర్పడ్డ సంస్థలు. అవి ఆ సెక్షన్ పరిధిలోకి రావు. వాటి విరాళాలకు రిజర్వు బ్యాంకు వేరే పరిమితి పెట్టింది: గత ఏడాది లాభంలో 1 శాతం. చాలామంది విమర్శకులు ఈ తేడాను గమనించకుండానే ప్రభుత్వ బ్యాంకులను ప్రైవేటు బ్యాంకులతో పోల్చి, సేవలో వెనుకబడ్డాయని తీర్పు చెప్పేస్తుంటారు.

అంతకన్నా ముఖ్యమైనది నిబంధనల్లో దాగి ఉంది. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సామాజిక బాధ్యత ఖర్చు కిందికి రాదు. తన ఉత్పత్తులకు, సేవలకు మార్కెట్ ప్రయోజనం రాబట్టుకునే స్పాన్సర్‌షిప్ కూడా రాదు. అంటే చట్టం దృష్టిలో సామాజిక బాధ్యత ఖాతాదారులను ఆకర్షించే సాధనం కాకూడదు. మరి బ్యాంకు యాజమాన్యాలూ నిర్వహణ విద్యాలయాలూ అది ఖాతాదారు విధేయతను ఎలా పెంచుతుందని లెక్కలు కడుతున్నాయి. చట్టం నిషేధించిన ఫలితాన్నే అధ్యయనం శ్లాఘిస్తోంది. మామూలు వ్యాపారం లెక్కలోకి రాదన్న నియమానికి మరో పర్యవసానం కూడా ఉంది. జుగ్సలాయి బస్తీలో చిన్న కొట్టుకు తక్కువ వడ్డీకి అప్పిస్తే అది వ్యాపారం. ఆ బస్తీ పాఠశాలకు బెంచీలిస్తే అది బాధ్యత. గిరి సంతకం చేసిన నాటి అర్థం పూర్తిగా తలకిందులైంది.

ఈ తలకిందులు ఏ స్థాయికి చేరిందో ఒక లెక్క చెబుతుంది. 2017 ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఎనిమిది నెలల్లో, పొదుపు ఖాతాల్లో కనీస నిల్వ ఉంచలేదన్న కారణంతో స్టేట్ బ్యాంకు వసూలు చేసిన జరిమానా 1,771 కోట్ల రూపాయలు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఆ బ్యాంకు నికర లాభం 10,484 కోట్లు. అందులో 1 శాతం విరాళం అంటే సుమారు 105 కోట్లు. ఒక చేత్తో నూరు కోట్ల దానం. మరో చేత్తో ఖాతాలో మూడు వేలు నిలుపుకోలేనివారి నుంచి దానికి పదహారు రెట్లకు మించిన వసూలు. విమర్శలు వెల్లువెత్తాక ఆ బ్యాంకు జరిమానాలను తగ్గించి, 2020 మార్చిలో పూర్తిగా ఎత్తివేసింది. ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవలసిందే. అయినా 2019-20 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు ఈ పద్దు కింద దాదాపు 8,500 కోట్లు వసూలు చేశాయని 2024లో ప్రభుత్వమే లోక్‌సభకు తెలిపింది. జనధన్ ఖాతాలకు మినహాయింపు ఉందన్నది నిజం. జనధన్‌కు పైన, మధ్యతరగతికి కింద ఉన్న కోట్లాది మందికి అది ఊరట కాదు.

ఝార్ఖండ్ మరో అనుభవం చూసింది. రాంచీ జిల్లా నగ్డీ బ్లాకులో 2017 అక్టోబరు నుంచి రూపాయి కిలో బియ్యం ఆపి, సబ్సిడీ సొమ్మును ఖాతాలో వేసి, దానిని తీసుకుని బియ్యం కొనుక్కోమన్నారు. సొమ్ము పడిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకుకు, తీయడానికి మరో కేంద్రానికి, ఆ తర్వాత రేషన్ కొట్టుకు తిరగలేక పేదలు రోడ్డెక్కారు. 2018లో ప్రభుత్వం ఆ ప్రయోగాన్ని విరమించింది. ఆ ప్రజలకు బ్యాంకుతో సంబంధం పెరగలేదా? పెరిగింది, కూలి పోగొట్టుకుని వరుసలో నిలబడేంతగా పెరిగింది. సంబంధం వేరు, అనుబంధం వేరు.

ఇక అసలు కొలమానానికి వద్దాం. డిపాజిట్‌గా వచ్చిన ప్రతి నూరు రూపాయల్లో ఎంత ఆ ప్రాంతంలోనే అప్పుగా తిరిగి వెళ్లింది అన్నదే రుణ-డిపాజిట్ నిష్పత్తి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అది నూరు దాటింది. ఝార్ఖండ్ ఏళ్ల తరబడి 60 శాతానికి దిగువనే కొట్టుమిట్టాడుతోంది. బొగ్గు, ఇనుము, ఉక్కు పండే రాష్ట్రంలో కార్మికులు, చిన్న వర్తకులు దాచుకున్న సొమ్ము ఇతర రాష్ట్రాల పెట్టుబడిగా తరలిపోతోంది. కార్పొరేట్ సామాజిక నిధుల్లోనూ సింహభాగం మహారాష్ట్ర వంటి సంపన్న రాష్ట్రాలకే చేరుతోంది. డబ్బు పోయే దారీ అటే, దానం పోయే దారీ అటే. జంషెడ్‌పూర్‌కు కంపెనీ గీసిన గీత లాంటిదే బ్యాంకులు దేశం మీద గీస్తున్నాయి. ఈసారి జుగ్సలాయి స్థానంలో ఒక రాష్ట్రం మొత్తం ఉంది.

సామాజిక కార్యక్రమాలన్నీ వ్యర్థమని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల సంస్థ, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి నెలకొల్పిన గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థను చూడండి. అక్కడ యువతకు పని నేర్పి, ఆ పని మొదలుపెట్టడానికి బ్యాంకు అప్పు దాకా చేయి పట్టుకుని నడిపించారు. ఆ నమూనా నేడు దేశమంతటా జిల్లాల్లో అమలవుతోంది. సాధారణంగా లీడ్ బ్యాంకే దానిని నడుపుతుంది. అది నిలబడటానికి కారణం, అక్కడ సేవకూ బ్యాంకు పనికీ మధ్య గోడ లేకపోవడం. శిక్షణ పొందిన కుట్టుపని మహిళ ఆ బ్యాంకుకు లబ్ధిదారుగా మిగిలిపోదు; అప్పు తీసుకుని తీర్చే ఖాతాదారు అవుతుంది. గౌరవం ఉన్న సంబంధం అది.

దీనికి భిన్నంగా, మనం 2020 ఏప్రిల్ 1న చూసింది ఏమిటి? పట్టాభి బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమై, ఆంధ్రా బ్యాంకు అన్న సంస్థ లేకుండా పోయింది. 1980లో జాతీయమైన ఆరు బ్యాంకుల్లో నేడు సొంత అస్తిత్వంతో మిగిలింది పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు ఒక్కటే. విలీనాలకు మూలధనం, పరిమాణం, సామర్థ్యం వంటి కారణాలు చెప్పారు. వాటిని తోసిపుచ్చనక్కరలేదు. కానీ తొంభై ఆరేళ్ల పాటు మూడు నాలుగు తరాల డిపాజిటర్లు పోగుచేసిన నమ్మకానికి ఆ లెక్కల్లో విలువ కట్టినవారు లేరు. ఖాతాదారుల అభిప్రాయం అడిగినవారూ లేరు. అనుబంధాన్ని పెంచడానికి కోట్లు వెచ్చించే వ్యవస్థ, ఉన్న అనుబంధాన్ని ఒక్క నోటిఫికేషన్‌తో చెరిపివేసింది.

కనుక బ్యాంకుల సామాజిక బాధ్యతను ప్రజాప్రతినిధులు నిలదీయవలసిన తీరు మారాలి. ఎన్ని అంబులెన్సులు ఇచ్చారన్న ప్రశ్న చాలదు. ఈ జిల్లాలో సేకరించిన డిపాజిట్లలో ఎంత ఇక్కడే అప్పుగా ఇచ్చారు? జరిమానాల రూపంలో ఎంత వసూలు చేశారు, సేవ పేరిట ఎంత తిరిగి ఇచ్చారు? ఆ రెండు అంకెలనూ వార్షిక నివేదికలో ఒకే పేజీలో ప్రచురిస్తారా? చిన్న వర్తకుడి దరఖాస్తును తిరస్కరించినప్పుడు కారణం రాతపూర్వకంగా చెబుతారా? జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాలు ప్రతి మూడు నెలలకూ జరుగుతూనే ఉంటాయి. వాటిలో శాసనసభ్యులు, పురపాలక ప్రతినిధులు ఈ ప్రశ్నలు వేస్తే చాలు, కొత్త చట్టం అక్కరలేదు.

1920లో జంషెడ్‌పూర్ కార్మికుడు అడిగాడు కనుక భవిష్యనిధి వచ్చింది. 1923లో కృష్ణా తీరపు డిపాజిటర్ తన సొమ్ము తన నేలకు ఉపయోగపడాలని కోరుకున్నాడు కనుక ఒక బ్యాంకు నిలిచింది. 1954లో ఒక మంత్రి పదవిని కాదనుకున్నాడు కనుక 1969 నాటి సంతకానికి నైతిక బలం వచ్చింది. ఈ ముగ్గురిలో ఎవరూ దానం అడగలేదు. జుగ్సలాయి బజారులో రోజు గల్లా పెట్టెను లెక్కపెట్టి పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్లే చిన్న వర్తకుడు కూడా దానం అడగడం లేదు. తన డబ్బుకు తన ఊరిలో లెక్క చెప్పమంటున్నాడు.